‘బడి గంట’ డైరీ: నలభై మందికీ ఒకే లక్ష్యం

ఏప్రిల్ 26

ఆటలో కట్టడాల పని అయిపోయింది. ఇక పిల్లల పని.

కొత్తగా చదివేవాళ్లకు రెండు ముక్కలు. ఒంగోలు బస్టాండుకు దగ్గర్లో నాకో చిన్న నెట్ సెంటర్ ఉంది. పగలంతా అప్లికేషన్లు, జెరాక్సులు, పాస్‌పోర్టు ఫొటోలు. రాత్రి షట్టర్ సగం దించుకుని ‘బడి గంట’ అనే ఆట తయారు చేస్తుంటాను. ఆడేవాళ్లు ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు హెడ్మాస్టరు. గదులు కట్టించాలి, టైంటేబుల్ వెయ్యాలి, మధ్యాహ్న భోజనంలో గుడ్లు లెక్క చూసుకోవాలి, ఆరో తరగతిలో చేరిన పిల్లల్ని పది దాటించి పంపాలి. జపాన్ కంపెనీ కైరోసాఫ్ట్ చేసిన పాకెట్ అకాడమీని ఫోన్లో తెల్లవార్లూ ఆడిన రోజుల్లో పుట్టిన దురద ఇది. మన బడిని పెడితే వేపచెట్టు, చేతిపంపు, సైకిల్ స్టాండు ఉండాలి కదా అనుకున్నాను. అవి పెట్టడానికే ఏడాది పట్టింది.

ఆట తయారు చేసే ఇంజిన్, అంటే సాఫ్ట్‌వేర్, గోడో. మొదట మూడో వెర్షన్‌లో మొదలుపెడితే వత్తులన్నీ విడిపోయి ‘విద్యార్థి’ అన్న మాట చెట్టు మీంచి పడ్డట్టు కనిపించేది. 2023 మార్చిలో నాలుగో వెర్షన్ వచ్చింది. అందులో అక్షరాలు కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చూసుకుంటుంది కాబట్టి తెలుగు కుదురుగా నిలబడింది. లేకపోతే ఈ డైరీయే లేదు.

ఇప్పటికి పిల్లల లెక్క ఇది. నలభై మంది. ఒక్కొక్కరికి ఐదు సామర్థ్యాలు: లెక్క, భాష, చేతిపని, ఆట, చొరవ. ప్రతిదీ 1 నుంచి 10 దాకా పెరుగుతుంది. ఒక మెట్టు ఎక్కడానికి, ఉన్న మెట్టుకు పది రెట్లు పాయింట్లు కావాలి. 3 నుంచి 4కి 30, 9 నుంచి 10కి 90. ఒక సామర్థ్యాన్ని అడుగు నుంచి పైదాకా తీసుకెళ్లాలంటే మొత్తం 450. పిల్లవాడికి వారానికి 5 పాయింట్లు వస్తాయి. ఏడాదికి 40 వారాల బడి, ఐదేళ్లు, అంటే 1000. రెండు సామర్థ్యాలు నిండుగా, మూడోది సగం. కాగితం మీద చక్కగా ఉంది.

మే 1

అక్క, మేనల్లుడు సెలవులకు వచ్చారు. అక్క పొదిలి వైపు ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. మేనల్లుడు ఎనిమిది పూర్తి చేశాడు. ఆటను పరీక్షించడానికి జీతం రోజుకొక ఐస్‌క్రీమ్ అని ఒప్పందం.

గంట తిరక్కుండా మొదటి రిపోర్టు.

“మామా, ఒక్కడికి లెక్కలు చెప్పిస్తే నలభై మందికీ వచ్చేశాయి. బాగుంది, ఇట్నే ఉంచు.”

చూస్తే నిజమే. సామర్థ్యాల పట్టికను ఒక రిసోర్స్ ఫైలుగా చేసి పిల్లలందరికీ తగిలించాను. గోడోలో ఒకే ఫైలును ఎంతమందికి ఇచ్చినా లోపల ఉండేది ఒకటే కాపీ. అంటే నా బడిలో నలభై మంది పిల్లలకు ఒకటే బుర్ర. ప్రతివాడికీ విడిగా డూప్లికేట్ చేసి ఇచ్చాను. ఒక్క లైను. అది దొరకడానికి మూడు గంటలు.

మే 3

వాడు నా 1000 పాయింట్ల లెక్కను ఒక్క రోజులో పగలగొట్టాడు. అందరికీ లెక్క 10, భాష 10, మిగిలింది చొరవ. చేతిపని గది పెట్టలేదు, ఆటస్థలం అమ్మేశాడు (అసలు అమ్మే వీలు ఎందుకిచ్చానో). భాషలో కూడా తెలివి చూపించాడు. మన పదో తరగతిలో ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు. పాస్ కావాలంటే 35, హిందీకి మాత్రం 20 చాలు. ఆ నిబంధనను ఆటలో అట్నే పెట్టాను. వాడు హిందీ పీరియడ్లు సగం తీసేసి ఇంగ్లీషుకు ఇచ్చాడు.

“అందరూ పాసయ్యారు కదా మామా, ఇంకేంది?”

జవాబు దొరకలేదు. ఆటలో తప్పు లేదు. అందుకే సమస్య.

మే 4

మధ్యాహ్నం కరెంటు లేదు. వడగాలి. కొబ్బరిబోండాలు తాగి పడుకున్నాం.

మే 8

సామర్థ్యాలు ఒక్కటే ఉంటే ఇంతే, లక్ష్యాలు తగిలిస్తే ఒక్కొక్కరూ ఒక్కో దారి పడతారని అనుకున్నాను. లక్ష్యాల జాబితా రాశాను. ట్రిపుల్ ఐటీ (లెక్క 8, భాష 7), పాలిటెక్నిక్, ఐటీఐ ఎలక్ట్రీషియన్ (చేతిపని 7), జిల్లా జట్టులో ఖోఖో, ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్. ఇది రాసి గెలిస్తే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా నెలకు 1000 రూపాయలు వస్తాయి. ట్రిపుల్ ఐటీకి సర్కారు బడి పిల్లలకు డిప్రివేషన్ స్కోరు కింద 4 శాతం కలుపుతారు. ఆటలోనూ కలిపాను. హెడ్మాస్టరు పిల్లవాడి మీద నొక్కి జాబితాలోంచి లక్ష్యం ఎంచాలి. దానికి సంబంధించిన సామర్థ్యానికి 20 శాతం బోనస్.

మూడు రోజులు నడిపాక తేలింది ఏమంటే, లక్ష్యం పెట్టినా పెట్టకపోయినా పిల్లలు ఒకేలా పెరుగుతున్నారు. బోనస్‌ను 20/100 అని రాశాను. రెండూ పూర్ణ సంఖ్యలు కాబట్టి గోడో దాన్ని సున్నా కింద కట్టింది. పక్కన పసుపు రంగులో హెచ్చరిక చూపిస్తూనే ఉంది పాపం. నేనే చూడలేదు. 20.0 అని రాస్తే సరిపోయింది.

సరిపోయాక ఇంకా పాడైంది. మేనల్లుడు నలభై మందికీ ట్రిపుల్ ఐటీ పెట్టాడు. బోనస్ వచ్చేది లెక్కకు, భాషకు. ఎటూ వాటినే పెంచుతున్నాడు కదా.

మే 11

ఇవాళ కోడ్ రాయలేదు. కానీ ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే పనికొచ్చిన రోజు ఇదే అనుకుంటా.

పదో తరగతి ఫలితాలు వచ్చాయి కదా, సెంటర్లో అప్లికేషన్ల జాతర. ఒక తండ్రీ కూతురూ వచ్చారు. మంచి మార్కులు. ట్రిపుల్ ఐటీ ఫారం నింపుతూ క్యాంపస్‌ల వరస అడిగాను. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం, ఏది ముందు? “నీ ఇష్టం బాబూ, ఏది పెడితే సీటొస్తదో అది పెట్టు” అన్నాడాయన. అమ్మాయిని అడిగితే తల వంచుకుంది. ఫారం అయిపోయింది, డబ్బులిచ్చారు. పోబోతూ ఆ అమ్మాయి ఆగింది. తన ఫొటో వెనక గోడ తెల్లగా ఎట్టా అయిందని అడిగింది. నేను గోడను చెరిపి తెలుపు పెట్టింది చూసిందట. మళ్లీ చేసి చూపించాను. అంచులు ఎట్టా పట్టుకోవాలి, వెంట్రుకల దగ్గర ఎందుకు చెడుతుంది, అన్నీ అడిగింది. వాళ్ల నాన్న బయట బండి స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నాడు.

రాత్రి అక్కకు చెప్పాను. అక్క చపాతీలు వత్తుతూ అంది, “జూన్‌లో మొదటి రోజు ఏమవుతారని అడుగుతాను రా. పోలీసు, డాక్టరు, టీచరు. అంతే. వాళ్లు దగ్గర్నుంచి చూసింది ఆ ముగ్గుర్నే. చూడందాన్ని ఎట్టా కోరుకుంటారు?”

నా జాబితా హెడ్మాస్టరు జేబులో ఉంది. అది పిల్లల దగ్గర ఉండాలి.

మే 14

లక్ష్యాల జాబితా మొత్తం తీసేశాను. ఇప్పుడు ప్రతి పిల్లవాడికీ ‘చూసినవి’ అని ఒక సంచి ఉంటుంది. మొదట్లో అందులో ఇల్లు, ఊరు, బడి ఉంటాయి. పొగాకు పండే ఊరి పిల్ల అయితే ఆకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ ఉంటుంది. హెడ్మాస్టరు లక్ష్యం పెట్టలేడు, చూపించగలడు అంతే. చీమకుర్తి గ్రానైట్ క్వారీకి తీసుకెళ్తే కొందరికి యంత్రం ఆపరేటరు, కొందరికి రాళ్ల చదువు తగులుతాయి. నల్లరాయిలో బంగారు చుక్కలుండే గెలాక్సీ రాయిని చూసి ఒకడు బొమ్మలు చెక్కాలనుకోవచ్చు. బడికి కరెంటు పోయి లైన్‌మన్ వస్తే, ఆ పూట కిటికీ పక్కన కూర్చున్న ఇద్దరికి ఎలక్ట్రీషియన్ తగులుతుంది. ఇది రాసినప్పుడు నాకు భలే సంతోషమేసింది. కరెంటు పోవడం ఇంతవరకూ ఆటలో నష్టమే.

తగిలిన ప్రతిదీ లక్ష్యం కాదు. మూడు మెట్లు పెట్టాను: ఆశ, ఇష్టం, పట్టు. చూస్తే ఆశ, బోనస్ 5 శాతం. మూడుసార్లు చేతితో చేస్తే ఇష్టం, 10 శాతం. పట్టుకు 20 శాతం. ఒకసారి ఓడిపోయి, తర్వాతి వారం మళ్లీ అదే పనికి వస్తేనే పట్టు.

లక్ష్యం మార్చుకుంటే ఇదివరకు అంతా సున్నా అయ్యేది. అది శిక్షలాగా ఉందని తీసేశాను. పట్టులో ఉన్నవాడు దారి మార్చుకుంటే కొత్తదాంట్లో ఆశ నుంచి మొదలవుతాడు, పాతది ఇష్టంగా అట్నే ఉండిపోతుంది. చేతిపని నేర్చిన పిల్ల పాలిటెక్నిక్ వైపు తిరిగితే నేర్చిన చెయ్యి ఎక్కడికి పోతుంది?

మే 17

మేనల్లుడు కబడ్డీ పిల్లలకు అన్నం పెట్టకుండా పోటీకి పంపిస్తున్నాడు.

“ఓడిపోతే కదా మామా పట్టు వచ్చేది. తిండి పెడితే గెలుస్తున్నారు.”

అక్క విని వాడి నెత్తిన ఒకటి వేసింది. కోడ్‌లో నేనూ ఒకటి వేశాను. పిల్లవాడి ఓపిక సగానికి పైన ఉన్నప్పుడు ఓడిపోతేనే లెక్కలోకి వస్తుంది. కడుపు నిండా తిని, నిద్రపోయి, శక్తి కొద్దీ ఆడి ఓడాలి. ఓపిక సగం కంటే తక్కువుండి ఓడితే ఒక మెట్టు కిందికి జారతాడు.

మే 21

పెద్ద పరీక్ష పెట్టాను. జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆయన్నే నా బడిలో చేర్పించాను.

టంగుటూరి ప్రకాశం 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండేళ్లకే తండ్రి పోయారు. తల్లి ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి పెంచింది. కుర్రతనంలో నాటకాల పిచ్చి. ఇవన్నీ అంకెలుగా మార్చాను: ఇంటి బరువు 9, భాష 4, చొరవ 8, అల్లరి నిండుగా. చూసినవాటిలో ‘కోర్టు ప్లీడరు’ వేశాను. పేరు మాత్రం ‘పంతులు’ అని పెట్టాను. యాభైసార్లు ఆటను దానంతట దాన్ని నడవనిచ్చాను.

నలభై ఏడుసార్లు ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు. మిగిలిన మూడుసార్లు అత్తెసరు మార్కులతో పాసయ్యాడు. ప్లీడరు ఒక్కసారీ కాలేదు.

నిజంలో ఆయన ప్లీడరయ్యారు, రాజమండ్రి మున్సిపల్ ఛైర్మన్ అయ్యారు, ఇంగ్లండు వెళ్లి బారిస్టరు చదివారు, 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. మరి నా ఆటలో ఏం లేదు? ఇమ్మనేని హనుమంతరావు నాయుడు లేరు. ఆ మాస్టారు కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని రాజమండ్రి తీసుకెళ్లి చదివించారు. నా ఆటలో టీచర్లు వారానికి 5 పాయింట్లు పోసే కుళాయిలు. గంట కొట్టగానే ఇంటికి పోతారు.

కొత్త వస్తువు చేర్చాను, పేరు ‘అండ’. ఒక టీచరు ఒక సమయంలో ముగ్గురు పిల్లలకు అండగా ఉండొచ్చు. ఆ పిల్లల ఇంటి బరువులో సగం ఆగిపోతుంది. బదులుగా టీచరు ఓపిక సాయంత్రాలు కూడా ఖర్చవుతుంది. వేసవిలో బదిలీ అయితే అండ తెగుతుంది. పిల్లవాడు అప్పటికి పట్టుకు చేరి ఉంటే తెగదు. బదిలీల మాట అక్కకు చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు. “ముగ్గురు ఎక్కువరా, ఇద్దరు పెట్టు” అంది తర్వాత. ఇద్దరు పెట్టాను.

మళ్లీ యాభైసార్లు. తొమ్మిదిసార్లు ప్లీడరయ్యాడు. తొమ్మిది చాలు. యాభైకి యాభై అయితే దాన్ని ఆట అనరు.

మే 22

సేవ్ ఫైలు పాడైంది. పంతులు పోయాడు. ఇక నుంచి రోజూ కాపీ తీస్తాను.

మే 25

డిసెంబరు నుంచి మార్చి దాకా హాజరు పడిపోవడం ఆటలో మొదటి నుంచీ ఉంది. కొన్ని కుటుంబాలు మిరపకాయ కోతలకు గుంటూరు వైపు పోతాయి, పొగాకు ఊళ్లలో పిల్లలు రాత్రిళ్లు బ్యారన్ల దగ్గర ఆకు కర్రలకు కట్టి పొద్దున బడిలో కునుకు తీస్తారు. వలస పోయిన పిల్లవాడికి ప్రతి వారం అన్ని సామర్థ్యాల్లో కొంత అరిగిపోయేట్టు రాశాను. ఎనిమిది వారాల తర్వాత వచ్చినవాడు దాదాపు ఆరో తరగతి కొత్తవాడిలా ఉండేవాడు. ఆడేవాళ్లు అలాంటి పిల్లల్ని చేర్చుకోవడమే మానేస్తారు. మేనల్లుడు అదే చేశాడు. పడమటి ఊళ్ల పిల్లలొస్తే ‘సీట్లు లేవు’ అని నొక్కాడు. సర్కారు బడిలో సీట్లు లేవు అనడానికి వీల్లేదు కదా. ఆ బొత్తాన్ని పీకేశాను. కానీ వాడు నొక్కిన కారణం మిగిలే ఉంది.

అక్క ఒక పిల్లవాడి సంగతి చెప్పింది. కోతల నుంచి ఫిబ్రవరి చివర్లో వచ్చాడట. స్లిప్ టెస్టులో సున్నా. అదే పిల్లవాడు వాళ్లమ్మకు ఎన్ని కిలోలకు ఎంత కూలి రావాలి, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సులో ఎంత కోసుకున్నాడు, ఇంకా ఎంత బాకీ అని నోటితో టకటకా చెప్పాడట. “శాతాలు చెప్పడానికి నాకు వారం పట్టే క్లాసు రా అది. వాడికి ముందే వచ్చు. రాయడం రాదంతే.”

కాబట్టి ‘లెక్క’ను రెండుగా చీల్చాను: నోటి లెక్క, రాత లెక్క. వలస పోయివచ్చిన పిల్లవాడికి రాత లెక్క రెండు మెట్లు తగ్గుతుంది, నోటి లెక్క ఒక మెట్టు పెరుగుతుంది. ఉదాహరణకు రాత లెక్క 6 నుంచి 4కి జారితే మళ్లీ ఎక్కడానికి 40, 50 కలిపి 90 పాయింట్లు, వారానికి 5 చొప్పున 18 వారాలు. టీచరు టైంటేబుల్లో ‘తూకం లెక్కలు’ పాఠం పెడితే, అంటే పిల్లవాడు నోటితో చెప్పేదాన్నే బోర్డు మీద రాయిస్తే, ఖర్చు సగం. 9 వారాల్లో తేరుకుంటాడు.

పదో తరగతి వాళ్లకు ఇదీ చాలదు, పరీక్షలు మార్చిలోనే. వాళ్లకోసం సీజనల్ హాస్టల్ గది చేర్చాను. అమ్మానాన్నలు కోతలకు పోయినా పిల్లలు బడిలో ఉండిపోయేది. వార్డెనుకు డబ్బు, రాత్రి భోజనానికి డబ్బు. నవంబరులోపు తెరవకపోతే అప్పటికే లారీ వెళ్లిపోయి ఉంటుంది. మేనల్లుడు మొదటిసారి డిసెంబరు 10న తెరిచాడు, ఖాళీ మంచాలు చూసుకుంటూ కూర్చున్నాడు. రెండోసారి అక్టోబరులోనే తెరిచాడు. నేనేమీ చెప్పలేదు.

మే 29

రేపు వాళ్లు ఊరికి వెళ్తారు. వాడు ఐదేళ్ల ఆట మొదటిసారి పూర్తి చేశాడు. నలభై మందీ వేదిక ఎక్కే చివరి దృశ్యం రావాలి. ఇరవై మూడో పిల్ల దగ్గర ఆట టప్పున మూసుకుపోయింది.

ఆ పిల్లకు లక్ష్యం లేదు. ఐదేళ్లలో చాలా చూసింది, ఏదీ ఆశ దాటలేదు. చివరి దృశ్యంలో ‘లక్ష్యం’ అన్న గడిలో రాయడానికి ఏమీ దొరక్క కోడ్ పడిపోయింది. లక్ష్యం లేని పిల్ల ఉండొచ్చన్న ఆలోచనే నాకు రాలేదన్నమాట. ఇంతకీ ఆ పిల్లకు 478 మార్కులు.

గడి ఖాళీగా ఉంటే ‘ఇంకా చూస్తున్నాడు’ అని రాయించాను. మళ్లీ నడిపితే వేదిక మీద ఆ అమ్మాయి పక్కన ‘ఇంకా చూస్తున్నాడు’ అని వచ్చింది. మేనల్లుడు నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారాడు. తెలుగులో క్రియ దగ్గర ఆడా మగా తేడా చూడాలని ఇంజిన్‌కు ఎవరు చెబుతారు, నేనే చెప్పాలి. వెతికితే ఆట మొత్తంలో ఇలాంటి వాక్యాలు అరవై ఒకటి దొరికాయి. ‘పాసయ్యాడు’, ‘గైర్హాజరయ్యాడు’, ‘నిద్రపోతున్నాడు’. నా బడిలో అమ్మాయిలంతా ఇన్నాళ్లూ మగరాయుళ్లే. అక్క నాలుగు వారాల నుంచి చూస్తూ ఒక్క మాట అనలేదు. అడిగితే, “నువ్వెప్పుడు పట్టుకుంటావో అని చూశాలే” అంది.

ముప్పై నాలుగు మార్చాను, ఇరవై ఏడు మిగిలాయి. తెల్లవారుజామున పొదిలి బస్సు. అంతలోపు వాడి ఫోన్లో కొత్త వెర్షన్ ఎక్కించాలి, ఇరవై మూడో పిల్ల వేదిక దిగేది చూడకుండా బస్సెక్కనంటున్నాడు.